తల తీసేసి బల్లకు మెరుగా?

హైదరాబాద్‌లో కొత్త షౌక్ ఒకటి బయల్దేరింది. పాత కాలు మిషన్ కొంటారు. దాని తల పీకి పక్కన పడేస్తారు. ఇనుప కాళ్ల మీద గాజు పలకో గ్రానైటు బండో పెట్టి కాఫీ బల్ల చేస్తారు. కొంచెం రహమ్ ఉన్నవాళ్లయితే చెక్క పెట్టెను ఉంచుతారు గానీ, దాని పాలిషంతా గీకి, సున్నం లాంటి తెల్ల పెయింటు కొట్టి, అంచులు కావాలనే రుద్ది 'పాత లుక్' తెస్తారు. ఎనభై తొంభై ఏళ్ల వస్తువు మామూలుగా పాతగా ఉంటే చాలదట. దానికి ముసలితనం మేకప్ కూడా వేయాలట! ఇదంతా చేశాక పెట్టే పేరు 'రెస్టోరేషన్'.

బల్ల చేసుకోవడం మీద నాకు పెద్ద జగడా లేదు. ఎవరి పైసా వాళ్లిష్టం. నా జగడా ఆ పేరు మీద. నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో, డిగ్రీ చేసింది తెలుగులో. రెండు జుబాన్లలోనూ ఈ పనికి ఒకటే మాట ఉంది. ఉర్దూలో మరమ్మత్, తెలుగులో మరమ్మతు. పాడైనదాన్ని మళ్ళీ దాని పని అది చేసుకునేలా నిలబెట్టడం మరమ్మతు. కాలు విరిగినవాడికి కట్టు కడితే ఇలాజ్. కాలు తీసేసి కుర్చీలో అందంగా కూర్చోబెట్టి ఫొటో తీస్తే దాన్ని ఇలాజ్ అంటామా?

కుట్టు మిషన్ పెట్టె మామూలు ఫర్నిచర్ కాదు. బల్ల మీద వెనక వైపు రెండు బందులుంటాయి, వాటి మీదే మిషన్ తల వాలుతుంది, లేస్తుంది. పక్కన సొరుగుల్లో బాబిన్లు, సూదులు, సుద్దముక్క, కొలత టేపు, కాజాలకు దాచిన దారం. కింద తొక్కుడు పలక, పక్కన చక్రం, చక్రం నుంచి పైకి తోలు బెల్టు. బల్ల వంగితే బెల్టు పక్కకు జరుగుతుంది. బందు వదులైతే తల ఊగుతుంది, కుట్టు వంకర పోతుంది. అంటే ఆ చెక్క కూడా మెషీన్‌లో భాగమే. పెట్టెను మిషన్ నుంచి వేరు చేసి 'చెక్క పని' అనుకున్నవాడికి మిషన్ తెలియదు, చెక్కా తెలియదు.

ఉర్దూలో ఆ బందును 'ఖబ్జా' అంటారు. ఇంకొకరి జాగా కాజేయడానికీ మాట అదే. ఇప్పుడు జరుగుతున్నది చూస్తే ఆ రెండర్థాలూ ఒకచోటికే వచ్చాయనిపిస్తుంది. ఖబ్జాలు విప్పి తలను తీసేస్తున్నారు, కుట్టుకునే ఔరత్ జాగాలో కాఫీ కప్పు ఖబ్జా పెడుతున్నారు.

ఈ పెట్టెల మెరుపు వెనక ఒక తారీఖ్ ఉంది. మన దగ్గర దాన్ని ఎక్కువమంది చెప్పుకోరు. స్కాట్లాండ్‌లో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్లో సింగర్ కంపెనీకి పెద్ద కార్ఖానా ఉండేది. 1880లలో కట్టారు, 1980లో మూతపడింది. 1911 మార్చిలో అక్కడ పెట్టెలకు పాలిష్ పట్టే విభాగంలో 15 మంది ఔరతులు పనిచేస్తుండేవారు. యాజమాన్యం ముగ్గుర్ని అక్కడి నుంచి తీసేసి, వాళ్ల పనిని మిగిలిన 12 మంది నెత్తిన పెట్టింది. పని పెరిగింది, కూలి పెరగలేదు. ఆ 12 మంది పని ఆపేశారు. చూస్తుండగానే వాళ్లకు తోడుగా కార్ఖానా కార్ఖానా బయటికొచ్చింది. దాదాపు 11,000 మంది! మూడు వారాలు సాగింది ఆ హడ్తాల్. చివరికి కంపెనీ కార్మికుల ఇళ్లకు పోస్టుకార్డులు పంపి, పనిలోకి వస్తామని సంతకం పెట్టమంది. హడ్తాల్ విరిగిపోయింది. ఆ తర్వాత ముందు నిలబడ్డ దాదాపు 400 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. అట్లా బయటపడ్డవాళ్లలో ఆర్థర్ మెక్‌మానస్ ఒకడు. 1920లో బ్రిటన్ కమ్యూనిస్టు పార్టీ పుట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే.

సూది చేసినవాళ్లో చక్రం పోతపోసినవాళ్లో కాదు, పెట్టెకు మెరుపు పట్టిన 12 మంది ఆడవాళ్లు మొదలుపెట్టారు ఆ లడాయి. మీ ఇంట్లో పాత సింగర్ ఉంటే దాని బల్ల దగ్గర ఇత్తడి రేకు మీదో ఇనుము మీదో నంబరు చూడండి. నంబరుకు ముందు 'ఎఫ్' అనో 'వై' అనో ఉంటే అది క్లైడ్‌బ్యాంక్‌లో పుట్టింది. 'జి' ఉంటే అమెరికాలో ఎలిజబెత్ ఊరి కార్ఖానాది. నేను చూసినవాటిలో చాలావరకు తల మాత్రమే విలాయతీ, బల్ల మన టేకుతో మన వడ్రంగి చేసినదే. ఉషా మిషన్లు వచ్చాక తలా బల్లా రెండూ దేశీవే అయ్యాయి. ఏ దేశపు చెక్కయినా సరే, దాని మీద మెరుపు ఎవరో ఒకరి భుజం నొప్పి. అది గుర్తుంచుకుని చెయ్యి వేయండి అంటున్నాను.

మన వైపు ఈ మిషన్ ఏం చేసిందో నేను కితాబుల్లో చదవనక్కర్లేదు. మా నానీమా బేవా అయ్యేసరికి ఐదుగురు పిల్లలు. ఆ ఐదుగురి రిజ్క్ ఒక కాలు మిషన్ మీద నడిచింది. బడి యూనిఫారాలు, బురఖాలు, రంజాన్ నెలలో రాత్రి సహరీ దాకా కుర్తాలు. మా మొహల్లాలో ఒక్క మా ఇల్లే కాదు, ఇంటి గడప దాటకుండా ఇంటిని నడిపిన ప్రతి ఔరత్ వెనకా ఒక మిషన్ ఉంది. యంత్రాలంటే మండిపడే గాంధీజీ కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషన్‌ను మినహాయించారు. మనిషి చేతిని తీసేయకుండా, చేతికి సుఖమిచ్చే యంత్రం కాబట్టి. ఇప్పుడు మన డెకరేషన్ సాహెబులు మాత్రం చేతిని తీసేసి యంత్రాన్ని ఉంచుకుంటున్నారు. అదీ సగం యంత్రాన్ని!

ఇక పాలిష్ సంగతి. అసలు జుల్మ్ అక్కడే జరుగుతోంది.

పాత పెట్టెల మీద ఎక్కువగా ఉండేది చపడా పాలిష్. చపడా అంటే లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు ఇచ్చే వరం అది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఆదివాసీలు దాన్ని కొమ్మల మీంచి గీకి తీస్తారు. రాంచీ పక్కన నామ్‌కుమ్‌లో లక్క మీద పరిశోధనకే 1924లో ఒక సంస్థ పెట్టారు. లక్కను కరిగించి, పల్చగా సాగదీసి, విరిస్తే వచ్చే పెళుసు పలుకులే చపడా. వాటిని స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, మల్మల్ గుడ్డలో వడగట్టి, దూది ముద్దకు మల్మల్ చుట్టి దాంతో చెక్క మీద రుద్దుతారు. ఒక పూత ఆరాక మళ్ళీ ఒకటి. లీటరు స్పిరిట్‌కు నూరు గ్రాముల చపడా వేస్తే పల్చని పూత. తొందరపడే మిస్త్రీ చిక్కగా కలుపుతాడు, హునర్ ఉన్నవాడు పల్చగా కలిపి ఎక్కువసార్లు రుద్దుతాడు. ముసురు రోజుల్లో అసలు పట్టడు. గాలిలో తేమ ఉంటే పాలిష్ తెల్లగా పాలిపోతుంది.

ఈ పాలిష్‌లో ఒక గొప్ప గుణం ఉంది. కొత్త పూత పాత పూతను కాస్త కరిగించి దాంతో కలిసిపోతుంది. అంటే పాతదంతా గీకనక్కర్లేదు. ఛాయ్ గ్లాసు పెట్టిన తెల్ల మచ్చ పడిందా? కాస్త స్పిరిట్ తగిలించిన గుడ్డ తేలిగ్గా తాకిస్తే చాలాసార్లు అదే పోతుంది. గీత పడిందా? ఆ ఒక్కచోటే పట్టొచ్చు. ఇవాళ ఒక మిస్త్రీ పని చేస్తే ముప్ఫయ్యేళ్ల తర్వాత ఇంకో మిస్త్రీ దాని మీదే పని చేయొచ్చు. చపడా పట్టిన మిస్త్రీ తన తర్వాత వచ్చేవాడికి జాగా ఉంచి వెళ్తాడు. నేను దాన్ని అదబ్ అంటాను.

దీని జాగాలో ఇప్పుడు వస్తున్నది పీయూ స్ప్రే. అద్దంలా మెరుస్తుంది. నీళ్లకు లొంగదు. నిజమే, ఒప్పుకుంటాను. హోటల్ బల్లకు అది మంచిదే కావచ్చు. కానీ అది ఒకసారి పాడైతే ఒక్కచోట బాగుచేయడం మహా కష్టం, చాలావరకు మొత్తం గీకాల్సిందే. గీకడానికి పాత పెట్టె మీద చెక్క ఎక్కడుంది? చాలా పెట్టెల మీద కనిపించే అందమైన వాల్‌నట్, ఓక్, టేకు చారలు ఒక పొర మాత్రమే. మందం మిల్లీమీటరుకు అటూఇటూ. మొదటి గీకుడుకు సగం పోతుంది, రెండోదానికి ఖతం.

మా ఖాలా ఇంటి మిషన్‌కు ఇదే గతి పట్టింది. నగరంలో ఒక 'యాంటిక్' దుకాణానికి ఇచ్చారు. పేరు రాయను, ఒక్క దుకాణం సంగతి కాదు కాబట్టి. కరెంటు రేగమాల్ మెషీన్ పెట్టి గీకారు. మూల దగ్గర పొర చిల్లు పడి కింది చెక్క బయటికొచ్చింది. అది కనబడకుండా చాక్లెట్ రంగు కొట్టి, పైన పీయూ వేశారు. అంతటితో ఆగారా? తలను కూడా స్పిరిట్‌తో తుడిచారు. నల్ల ఒంటి మీద బంగారు పూలు ఉంటాయి చూశారూ, వాటి మీద కూడా లక్క పూతే ఉంటుంది. స్పిరిట్ తగిలితే పూత కరుగుతుంది, పూతతో పాటు బంగారమూ పోతుంది. మెరిసే నల్ల తల మీద వెండి మరకలు మిగిలాయి. తలను తుడవాల్సింది మిషన్ నూనెతో, మెత్తటి గుడ్డతో. ఈ మాట ఆ దుకాణంలో ఎవరికీ తెలియదు. మూడో వానాకాలానికి బల్ల మీద పొక్కులు లేచాయి. మా మొహల్లా పాలిష్ చాచాకు చూపిస్తే చెయ్యి కూడా వేయలేదు. "నక్కో బేటా, ఇది లకడీ కాదు ఇప్పుడు, ప్లాస్టిక్ సంచిలో పెట్టిన లకడీ" అన్నాడు.

అదే చాచా అసలు పని ఎట్లా చేస్తాడో చెప్తాను, పోల్చుకోండి. ముందు తల వెనక బందుల దగ్గరి మరలు వదులు చేసి తలను పైకెత్తి తీస్తాడు, గుడ్డ పరిచి పడుకోబెడతాడు. సొరుగులు తీసి దుమ్ము దులుపుతాడు. దొరికిన ప్రతి సూదీ బాబిన్ డబ్బాలో వేసి ఇంటివాళ్లకే ఇస్తాడు, అది వాళ్ల అమానత్. ఏళ్ల నూనె జిడ్డును టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తీస్తాడు. తర్వాత సొరుగు వెనక, ఎవరికీ కనబడని చోట ఒక బొట్టు స్పిరిట్ వేసి చూస్తాడు. జిగటగా మెత్తబడితే చపడా. కదలకపోతే ఇంకేదో వార్నిషు, దాని దారి వేరు. పొర ఎక్కడైనా లేచి ఉంటే తెల్ల జిగురు వాడడు, సరేష్ వాడతాడు, జంతువుల చర్మం నుంచి తీసే పాత జిగురు. వేడికి, తేమకు అది మళ్ళీ మెత్తబడుతుంది. కాబట్టి లేచిన పొర మీద తడిగుడ్డ వేసి గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె ఆనిస్తే పాత సరేషే కొన్నిసార్లు మళ్ళీ పట్టుకుంటుంది. చాలకపోతే కొత్తది నింపి, పైన బరువు పెట్టి, ఒక రోజు వదిలేస్తాడు. పొర పోయినచోట అతుకు వేయాలంటే చార కలిసే ముక్క వెతికి ఏటవాలుగా కోస్తాడు. అడ్డంగా కోసిన అతుకు దూరం నుంచే కనబడుతుంది. ఆఖర్న చపడా. రేగమాల్‌తో రుద్దేటప్పుడు కుర్రాడికి ఒకటే హెచ్చరిక, "జోర్ సే నక్కో!"

ఇందులో ఎక్కడైనా రాకెట్ సైన్సు ఉందా? లేదు. సబర్ ఉంది, హునర్ ఉంది. ఆ రెండింటికీ ఈ నగరంలో ఇప్పుడు కూలి లేదు.

నా మాటకు జవాబులు నాకు తెలుసు. మొదటిది, "మేం కొనకపోతే కబాడీవాడు తుక్కు చేసేవాడు కదా, కాపాడాం కదా" అంటారు. సాహెబ్, ఇది అందరికీ నిజం కాదు. జుమ్మేరాత్ బజార్‌కో ఎర్రగడ్డ ఆదివారం సంతకో వెళ్లి చూడండి. మీరు కొనే మిషన్లలో నడిచేవి ఎన్ని, ఆగిపోయినవి ఎన్ని అని ఎవరైనా అడుగుతున్నారా? బెల్టు తెగినదాన్ని, నూనె ఎండి బిగుసుకుపోయినదాన్ని చచ్చిందని రాసేస్తున్నారు. కిరోసిన్ పట్టించి, నూనె వేసి, కొత్త బెల్టు కడితే వాటిలో చాలావరకు ఆ సాయంత్రానికే కుడతాయి. అంతా పోత ఇనుము, ఉక్కు. లోపల కాలిపోయే బోర్డు లేదు, ఆగిపోయే చిప్ లేదు. కాపాడామని చెప్పేవాళ్లు ముందు నబ్జ్ పట్టుకుని చూడాలి.

రెండోది, "విదేశాల్లోనూ ఇట్లాగే చేస్తున్నారు" అంటారు. చేస్తున్నారు. ఆల్‌సెయింట్స్ అనే బ్రిటిష్ బట్టల కంపెనీ తన దుకాణాల అద్దాల వెనక పాత మిషన్లను వందలకొద్దీ వరసలు పేర్చింది, చూడ్డానికి గోరీల వరస లాగే ఉంటుంది. అదే బ్రిటన్‌లో 'టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్' అనే సంస్థ పాత పనిముట్లతో పాటు కుట్టు మిషన్లనూ బాగుచేసి ఆఫ్రికాలో పని నేర్చుకునేవాళ్లకు పంపుతూ వచ్చింది. విదేశం నుంచి నమూనా తెచ్చుకోవాలంటే అది కూడా ఉంది. మన నజర్ మాత్రం దుకాణం అద్దం మీదే ఎందుకు పడుతుంది?

మూడోది కాస్త గట్టి సవాలు. "ఇప్పుడు కరెంటు మిషన్లు వచ్చాయి, కాలు మిషన్ ఎవరు తొక్కుతారు? మీరు గరీబీని రొమాంటిక్ చేస్తున్నారు" అంటారు. కాదు. మోకాళ్లు అరిగిన నానీమాల మనవణ్ని నేను, తొక్కుడు సుఖమని చెప్పను. పాత తలకు పక్కన చిన్న మోటారు బిగిస్తే కాలు ఆడించనక్కర్లేదు. అదే బల్ల, అదే తల. మోటారు వద్దనుకుంటే తీసేయొచ్చు, మరమ్మతుకు పనికొచ్చే వస్తువు గొప్పతనం అదే. గరీబీని అందం చేస్తున్నది నేను కాదు జనాబ్. దర్జీ ఇంటి చెక్కను కాఫీ కింద పెట్టి, దానికి 'వింటేజ్' అని చీటీ అంటించినవాళ్లు.

నిజంగా చచ్చిన మిషన్ ఉంటుంది, కాదనను. తల పగిలింది, బల్లను చెదలు తినేసింది, భాగాలు దొరకవు. దాని కాళ్లతో బల్ల చేసుకోండి, ముబారక్. కానీ బల్ల అని పిలవండి. మరమ్మతు పేరు దొంగిలించకండి. ఆ పేరు మీద పాలిష్ మిస్త్రీకి హఖ్ ఉంది.

హఖ్ మాట వచ్చింది కాబట్టి సర్కారుకూ ఒక మాట. 2023 సెప్టెంబరులో కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 వృత్తులు రాశారు. దర్జీ ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. మంచిదే. కానీ ఆ 18లో పాలిష్ మిస్త్రీ పేరు లేదు, మిషన్ రిపేరు మిస్త్రీ పేరూ లేదు. వస్తువును చేసేవాడు లెక్కలో ఉన్నాడు, వస్తువును బతికించేవాడు లెక్కలో లేడు. కొత్త మిషన్ల పంపిణీకి వేదికలు, పూలదండలు, ఫొటోలు ఉంటాయి. పాత మిషన్ బాగుచేసి ఇస్తే రిబ్బను ఎక్కడ కత్తిరిస్తారు పాపం?

మన ఖౌమ్ పెద్దలకూ చెప్తున్నాను, ఒక్క సర్కారును తిడితే ఇన్సాఫ్ కాదు. ఇమామ్ సాహెబులు బయాన్‌లో హజ్రత్ ఇద్రీస్ బట్టలు కుట్టేవారని, హజ్రత్ జకరియా వడ్రంగి పని చేసేవారని చెప్తుంటే మనం తలలూపుతాం. బయటికొచ్చి దర్జీతో పది రూపాయలకు బేరమాడతాం, పాలిష్ చాచా కొడుకు వేరే పని చూసుకున్నాడంటే 'బాగుపడ్డాడు' అంటాం. జహేజ్‌లో కొత్త మిషన్ ఇవ్వడం ఇజ్జత్, దాదీ మిషన్ బాగుచేయించి ఇవ్వడం బేఇజ్జత్ అనుకుంటాం. జహేజ్ సంగతి ఇంకోసారి తేల్చుకుందాం. కానీ ఇంట్లో ఉన్న మంచి వస్తువును తుక్కుకు వేసి, అప్పు చేసి రేకు వస్తువు కొనడంలో ఏ ఇజ్జత్ ఉందో నాకు ఎవరైనా సమ్‌ఝాయించండి.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఇంట్లో పాత మిషన్ ఉన్నవాళ్లు అమ్మేముందు ఒక మిషన్ మిస్త్రీని పిలిచి నడుస్తుందో లేదో చూపించుకోండి. పెట్టె పాలిష్‌కు ఇస్తే మూడు మాటలు ముందే చెప్పండి: మెషీన్ రేగమాల్ వద్దు, పీయూ వద్దు, తలకు స్పిరిట్ తగలొద్దు. పని అయ్యాక మిస్త్రీ అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. మీకు మిషన్ అక్కర్లేకపోతే మీ గల్లీలోనే కుట్టు నేర్చుకుంటున్న అమ్మాయి ఉంటుంది, ఆమెకు ఇవ్వండి. కాఫీ హోటలువాళ్లు నడిచే తలను ముట్టుకోవద్దు. సర్కారు తన జాబితాలో రెండు పేర్లు చేర్చాలి.

ఒక పెట్టె బాగుపడిందో లేదో తెలుసుకోవడానికి పాలిష్‌లో మీ ముఖం కనబడుతుందా అని చూడకండి. మూత తెరవండి, తల లేపండి, సూది కింద గుడ్డ పెట్టండి. గుడ్డ ముందుకు నడిస్తే అది మరమ్మతు. నడవకపోతే అది ఫర్నిచర్ ధందా. చేసుకోండి, కానీ మా మాట మాకు వాపస్ ఇవ్వండి.